వేడిని పుట్టించుటా, తోడుకొనుటా?

శీతదేశములలో ఇల్లు వెచ్చగా నుండుట భోగము కాదు, ప్రాణావసరము. ఉత్తర అమెరికాలోని అనేక ప్రాంతములందును, ఐరోపా ఖండపు ఉత్తర భాగములందును శీతకాలమున నెలలకొలది నీరు గడ్డకట్టు చలి యుండును. అట్టి దినములలో ఒక్క రాత్రి యింటిలోని వేడి తప్పిపోయినచో గొట్టములలోని నీరు గడ్డకట్టి గొట్టములు పగులవచ్చును. పసిబిడ్డలకును వృద్ధులకును ప్రాణాపాయము కలుగవచ్చును. కావున అచటి గృహస్థుడు క్రొత్తగా ఇల్లు కట్టునపుడు గాని, పాత యంత్రము చెడిపోయినపుడు గాని తప్పక తేల్చుకొనవలసిన ప్రశ్న యొకటి కలదు. ఇంటికి కొలిమిని పెట్టించుకొనవలెనా? వేడిని తోడు యంత్రమును పెట్టించుకొనవలెనా? మొదటిదానిని అచట ఫర్నేసు అందురు. రెండవదానిని హీటు పంపు అందురు. ఈ రెండింటి చరిత్రను నేటి ప్రసంగమున మీకు విన్నవింపదలచితిని.

ఎండలతో వేగు మనకు ఈ విచారమేల యని కొందఱడుగవచ్చును. అందుకు నేను రెండు సమాధానములు చెప్పుదును. మన పల్లెలనుండి చదువులకును ఉద్యోగములకును పోయి అమెరికా, కెనడా, ఇంగ్లండు దేశములలో స్థిరపడిన తెలుగువారు నేడు లక్షలకొలది కలరు. మనుమలను చూచుటకై పోయి, అచట నొక చలికాలము గడపి, ఇంటి నేలమాళిగలో గుర్రుమను యంత్రపు చప్పుడు విని వచ్చిన పెద్దలు మీలోనే యుందురు. ఇది యొక సమాధానము. పొయ్యిలోనికి వంటచెఱకు ఎచటినుండి వచ్చునో, అది రాకపోయిన నాడు గతియేమో యను చింత ప్రతి దేశమునకును సమానమే. పరదేశపు కథయైనను దానినుండి మనము నేర్వదగినది కలదని రెండవ సమాధానము.

మొదట కొలిమి సంగతి చూతము. నిప్పు రాజేసి దాని చుట్టును చేరుట మానవజాతి యంత పాతది. మన మన్యపు గ్రామములలో చలిమంటలును, ఇండ్లలో కుంపటులును దానికి నిదర్శనములు. అయితే కుంపటివలన నొక చిక్కు కలదు. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి నుంచుకొని నిద్రించినవారు తెల్లవారునప్పటికి విగతజీవులై యుండిన దుర్ఘటనలు మీరు వినియే యుందురు. వేడి కావలెను, పొగయు, పొగకంటె క్రూరమై కంటికి కనబడని విషవాయువును ఇంటిలో నుండరాదు. ఇంటిని వెచ్చజేయు కొలిమి చరిత్రయంతయు ఈ రెండింటిని వేఱుచేయుటకై జరిగిన ప్రయత్నమే యని చెప్పవచ్చును.

ప్రాచీన రోమకులు తమ స్నానశాలల నేలను చిన్న చిన్న స్తంభములపై నిలిపి, ప్రక్కన మంట వేసి, ఆ వేడిగాలిని నేలక్రిందుగా పోనిచ్చెడివారు. తరువాత ఐరోపాలో పొగగొట్టముతో గూడిన గోడపొయ్యిలు వచ్చినవి. అవి చూచుటకు ముచ్చటగా నుండును గాని, పుట్టిన వేడిలో నధికభాగము పొగతోపాటు పైకి పోయెడిది. 19వ శతాబ్దమున పోత ఇనుముతో చేసిన పెద్ద కొలిమిని ఇంటి నేలమాళిగలో నిలిపి, అచట బొగ్గు కాల్చి, వేడెక్కిన గాలిని గొట్టములద్వారా గదులకు పంపు పద్ధతి అమెరికాలో వ్యాపించెను. ఐరోపాలో గాలికి బదులు వేడినీటిని గొట్టములలో త్రిప్పు పద్ధతి యెక్కువ వాడుకలోనికి వచ్చెను. ఏ పద్ధతియైనను ఉదయమున బొగ్గు వేయుట, రాత్రి మరల వేయుట, బూడిద నెత్తిపోయుట గృహస్థులకు నిత్యకర్మమయ్యెను.

ఈ శ్రమను తగ్గించు నూహ చేసినవారిలో నొక స్త్రీ పేరు చెప్పదగినది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమునందలి నీగ్రోజాతి మహిళ, నేటి వాడుకలో నల్లజాతి మహిళయగు ఆలిస్ పార్కరు, బొగ్గునకు బదులు గ్యాసును మండించి ఇంటి గదులన్నిటికి వేడిగాలిని పంపు కొలిమికి 1919వ సంవత్సరమున పేటెంటు హక్కును పొందెను. పిమ్మట నూనెతో మండునవియు, గ్యాసుతో మండునవియు నానాటికి మెఱుగుపడినవి. నేటి ఉత్తమమైన గ్యాసు కొలిమి తాను కాల్చిన గ్యాసులోని వేడిలో నూటికి తొంబదిపాళ్లకు మించి ఇంటికి ఇచ్చుచున్నది. అయినను దానికొక హద్దు కలదు. నూఱు పాళ్ల వేడిగల వంటచెఱకునుండి నూటయొక్క పాళ్ల వేడి ఏ కొలిమియు నీయజాలదు. ఉన్నదానిని పుట్టించి ఇచ్చుటయే దాని పని.

రెండవ యంత్రము ఈ హద్దును దాటును. అది యెట్లో తెలియుటకు ముందు ఇద్దఱు శాస్త్రజ్ఞులను స్మరింపవలెను. ఫ్రాన్సు దేశమున సాదీ కార్నో యను యువకుడు 1824లో, తన యిరువదియెనిమిదవ యేట, అగ్నియొక్క చాలకశక్తిని గూర్చి యొక చిన్న పుస్తకము ప్రకటించెను. నీరు మిట్టనుండి పల్లమునకు పడునపుడు చక్రమును త్రిప్పునట్లే, వేడి హెచ్చు ఉష్ణమునుండి తక్కువ ఉష్ణమునకు దిగునపుడే యంత్రమును త్రిప్పునని ఆయన వివరించెను. ఆ పుస్తకమును నాడు పట్టించుకొన్నవారు స్వల్పులు. 1832లో కలరా జాడ్యమువలన ఆయన మరణించెను.

ఇరువదియేండ్ల తరువాత, 1852లో, గ్లాస్గో నగరమున విలియం టాంసను అను పండితుడు ఆ భావమును తలక్రిందు చేసి చూచెను. ఈయనయే తరువాత లార్డు కెల్విను అని ప్రసిద్ధుడయ్యెను. వేడి దిగునపుడు యంత్రము తిరుగుచున్న యెడల, యంత్రమును మనమే త్రిప్పి వేడిని దిగువనుండి యెగువకు ఎక్కింపలేమా యని ఆయన ప్రశ్న. ఎక్కింపవచ్చుననియు, అట్లు చేసినచో ఆ శక్తిని తిన్నగా వేడిగా మార్చుటకంటె ఎన్నియో రెట్లు లాభమనియు గణితముతో చూపెను. ఆ వ్యాసము భవనములను వెచ్చజేయుటను గూర్చియే కాక చల్లబఱచుటను గూర్చియు వ్రాయబడినది. నేడు మన పట్టణములలో ఎండకాలమున ఇండ్లను చల్లబఱచు ఏసీ యంత్రమును, మంచుదేశమున ఇంటిని వెచ్చజేయు హీటు పంపును ఒకే తల్లి బిడ్డలు. ఒకటి ఇంటిలోని వేడిని బయటికి తోడును. మఱియొకటి బయటి వేడిని ఇంటిలోనికి తోడును.

బయట మంచు కురియుచుండగా అచట వేడి యెక్కడిదని మీకు సందేహము కలుగును. అది సహజమైన సందేహమే. మన దేహమునకు చల్లగా తోచినంతమాత్రమున ఆ గాలిలో వేడి లేదని కాదు. సెంటిగ్రేడు కొలతలో సున్నకు దిగువ సుమారు 273 డిగ్రీలకు పోయినగాని వేడి పూర్తిగా అడుగంటదు. మంచు కురియు నాటి గాలిలోను, నదీజలములలోను, నేలలోపలను కావలసినంత వేడి కలదు. అది పల్లమున నున్నది. మన యిల్లు మిట్టమీద నున్నది. అంతియే భేదము.

నీరు పల్లమెఱుగునని మన సామెత. బావిలోని నీరు తనంతట పొలమునకు ఎక్కదు. దానిని తోడుటకు ఏతమో, కపిలయో, కరెంటు మోటారో కావలెను. మోటారు నీటిని పుట్టించుట లేదు. ఉన్న నీటిని పైకి తెచ్చుచున్నది. హీటు పంపు చేయు పనియు నదియే. ఒక పాలు విద్యుత్తును ఖర్చుచేసి, బయటనుండి రెండుపాళ్ల వేడిని తోడి, తన ఖర్చైన పాలును అందు కలిపి, మూడుపాళ్ల వేడిని ఇంటికి అందించును. బావి లోతు హెచ్చినకొలది అంతే కరెంటునకు వచ్చు నీరు తగ్గునని మీరు ఎఱుగుదురు. ఇచటను అట్లే. బయటి చలి ముదిరినకొలది వేడిని ఎక్కువ యెత్తునకు తోడవలసివచ్చును. కావున ఫలము తగ్గును. చలి తక్కువగా నున్న నాడు ఒక పాలునకు నాలుగు పాళ్లు రావచ్చును. తీవ్రమైన చలినాడు రెండే రావచ్చును. ఈ బావి లోతు లెక్కయే రెండు యంత్రముల వివాదమునకు మూలము. దీనిని మీరు జ్ఞాపకముంచుకొన గోరెదను.

యంత్రము లోపల జరుగు పని కూడ మనకు క్రొత్తది కాదు. మట్టికూజాలోని నీరు చెమర్చి ఆవిరియగునపుడు లోపలి నీటి వేడిని తీసికొనిపోవును. అందువలననే కూజానీరు చల్లనగును. సైకిలు చక్రమునకు గాలికొట్టునపుడు అదిమిన గాలివలన పంపు గొట్టము వేడెక్కును. ఈ రెండు ధర్మములను హీటు పంపు జతచేయును. మిక్కిలి చలిలో కూడ మరిగి ఆవిరియగు నొక ద్రవమును బయటి గొట్టములలో పాఱనిచ్చినచో అది బయటి వేడిని పీల్చుకొని ఆవిరియగును. ఆ యావిరిని యంత్రము గట్టిగా అదుమును, అది వేడెక్కును. ఆ వేడిని ఇంటిలో విడిచి అది మరల ద్రవమగును. పిదప ఇఱుకైన ద్వారముగుండా పోయి, ఒత్తిడి తగ్గి, చల్లనై, బయటికి పోయి మరల తన పని మొదలుపెట్టును.

1852లోనే శాస్త్రము స్పష్టమైనది గదా, మఱి లోకమంతయు వెంటనే ఈ యంత్రమును ఏల చేపట్టలేదు? నేడు నేను ముఖ్యముగా చెప్పదలచినది ఈ ప్రశ్నకు సంబంధించినదే. చేపట్టినచోటులను పరికించినచో ప్రతిచోటను ఒకే కారణము కనబడును. వంటచెఱకు కఱవైన చోటనే జనులు ఈ యంత్రమును తలచిరి. అది కారుచౌకగా దొరకినంతకాలము మఱచిరి.

ఆస్ట్రియా దేశమున ఎబెన్సే యనుచోట ఉప్పునీటిని మరగించి ఉప్పుతీయు కర్మాగార మొకటి యుండెను. దానికి అపారమైన కట్టెలు కావలసివచ్చెడివి. పీటరు వాన్ రిట్టింగరు అను ఇంజనీరు 1850ల దశాబ్దిలో, పైకిపోవు ఆవిరినే జలశక్తితో అదిమి వేడెక్కించి, ఆ వేడితో మరల ఉప్పునీటిని మరగించు ప్రయత్నము చేసెను. ఇదియే ఉపయోగార్థము నిర్మింపబడిన మొదటి హీటు పంపు అని చరిత్రకారు లందురు. స్విట్జర్లండు దేశమున బెక్స్ అను ఊరి ఉప్పు కర్మాగారమున ఇట్టి యంత్రమే 1877లో నెలకొల్పబడెను. ఆ ప్రాంతములలో కొండవాగుల నీటిశక్తి కలదు, కట్టెలు ప్రియము. కావున అచట విద్య పనికి వచ్చెను. ఇంగ్లండులోనో, బొగ్గుగనులు పుష్కలముగా నుండెను. ఇంటింట గోడపొయ్యి మండుచుండెను. కెల్విను లెక్కలు పుస్తకములలో నిలిచిపోయెను.

ఈలోగా మంచుగడ్డను తయారుచేయు కర్మాగారములును, మాంసమును చెడకుండ నిలువచేయు ఓడలును, ఇంట పాలు కూరగాయలు దాచుకొను ఫ్రిజ్జులును వచ్చినవి. వీనికొఱకై ఆవిరిని అదుము యంత్రములు వృద్ధిచెందెను. విద్యుత్తు ఇండ్లకు చేరెను. అనగా హీటు పంపునకు కావలసిన అవయవములన్నియు వేఱు పనులకొఱకు తయారయ్యెను. హాల్డేను అను విద్యుత్తు ఇంజనీరు 1920ల దశాబ్ది చివర స్కాట్లండులోని తన యింట ఇట్టి యంత్రమును నడపి చూచి, దాని ఫలితములను 1930లో తోడి ఇంజనీర్ల సభకు సమర్పించెను. విన్నవారు మెచ్చుకొనిరి గాని, బొగ్గుదేశమున ఆ పద్ధతి వ్యాపింపలేదు.

వ్యాపించుటకు నాంది స్విట్జర్లండుననే జరిగెను. ఆ దేశమున చెప్పుకోదగిన బొగ్గుగనులు లేవు. 1914–1918 మహాయుద్ధమున పొరుగుదేశముల బొగ్గు సరిగా రాక ఆ ప్రజలు మిక్కిలి బాధపడిరి. కొండలనుండి దిగు నీటితో పుట్టించిన విద్యుత్తు మాత్రము వారి స్వంత ఆస్తి. జ్యూరిచ్ నగరమున లిమ్మట్ నదిని ఆనుకొని 1698లో పూర్తియైన పురాతన పురపాలక మందిర మొకటి కలదు. 1938లో ఆ మందిరమున కట్టెల పొయ్యిలను తొలగించి, నదీజలమునుండి వేడిని తోడు హీటు పంపును నెలకొల్పిరి. శీతకాలమున చేయి ముంచిన కొంకర్లుపోవు నీరది. ఆ నీటి వేడితోనే సభామందిరము వెచ్చబడెను. వేసవిలో ఆ యంత్రమే మందిరమును చల్లబఱచుటకు కూడ పనికివచ్చెను. మఱుసటి యేడే రెండవ మహాయుద్ధము వచ్చెను. మరల బొగ్గు కఱవయ్యెను. ఆ యుద్ధకాలముననే జ్యూరిచ్‌లో ఈతకొలనునకును, సాంకేతిక విద్యాపీఠమునకును ఇట్టి యంత్రములే అమర్పబడినవి. పురపాలక మందిరపు యంత్రము మాత్రము 2001వ సంవత్సరమున మార్చబడు వఱకు, అనగా అఱువదిమూడేండ్లు నిలిచెను.

ఇంగ్లండునకు మరల వత్తము. యుద్ధాంతమున, 1945 ప్రాంతమున, నారిచ్ పట్టణములో జాన్ సమ్నరు అను ఇంజనీరు నదీజలమునుండి వేడిని తోడు యంత్రమును పాత సామానుతో కూర్చి, ఒక కార్యాలయ భవనమును వెచ్చజేసెను. 1951లో లండనులో థేమ్సు నది యొడ్డున ప్రారంభింపబడిన రాయల్ ఫెస్టివల్ హాలునకు కూడ నదిలోని వేడిని తోడు యంత్రము అమర్పబడెను. కొద్దికాలమునకే దానిని మానివేసిరి. బొగ్గుపొయ్యిలు యథాప్రకారముగా మండుచుండెను.

1952 డిసెంబరు 5వ తేదీనుండి 9వ తేదీ వఱకు లండను నగరముపై గాలి కదలక నిలిచెను. ఇంటింటి పొయ్యిల పొగయు, కర్మాగారముల పొగయు మంచుతో కలిసి భూమిని క్రమ్మెను. పగలే దారి కానరాలేదు. ఊపిరియాడక సుమారు నాలుగువేలమంది చనిపోయిరని మొదట లెక్కించిరి. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్య పండ్రెండువేలవఱకు ఉండవచ్చుననిరి. వారిలో వృద్ధులును శిశువులును మెండు. ఇంటిని వెచ్చజేసికొనుటకై వేసిన మంటయే ఊరిని చంపెనని చెప్పుట అతిశయోక్తి కాదు. 1956లో పొగను నిషేధించు చట్టము వచ్చెను.

ఆ చట్టమువలన జనులు హీటు పంపువైపు తిరుగలేదు. మొదట పొగరాని వంటచెఱకునకును, తరువాత గ్యాసునకును తిరిగిరి. 1965లో ఉత్తర సముద్రగర్భమున గ్యాసు బయల్పడెను. 1967 మొదలు పదియేండ్లపాటు ఇంటింటికి మనుష్యులు పోయి పొయ్యిలను ఆ గ్యాసునకు తగినట్లు మార్చిరి. ఇది నింద్యము కాదు. ఎవరెంత హీటు పంపును పొగడినను, గ్యాసు కొలిమి లండను ఆకాశమును తేటపఱచినమాట నిజము. చౌకగా, శుభ్రముగా, స్వదేశముననే దొరకిన వస్తువును ఏ గృహస్థుడు కాదనును? అయితే ఆ గ్యాసు తరుగనిది కాదని తరువాతి తరము తెలిసికొనెను.

1973 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధము సంభవించి, చమురు ఎగుమతిచేయు అరబ్బుదేశములు సరఫరాను బిగించెను. కొద్దినెలలలో చమురు వెల నాలుగింతలయ్యెను. ఇండ్లను నూనెతో వెచ్చజేసికొనుచున్న స్వీడను దేశమునకు ఇది పిడుగుపాటు. ఆ దేశము నాటినుండి నూనెను విడుచుమార్గములు వెదకెను. నేలలో బోరుబావులవంటి లోతైన రంధ్రములు వేసి, గొట్టములు దింపి, రాతిలోని వేడిని తోడు పద్ధతి అచట ప్రబలెను. మన బావినీరు శీతకాలమున వెచ్చగాను, వేసవిని చల్లగాను తోచుటకు కారణమేదో, ఆ పద్ధతికి మూలము కూడ అదియే. పైన ఎంత మంచు కురిసినను లోతున నేల ఉష్ణము మాఱదు. 1980ల దశాబ్దిలో స్టాక్‌హోము నగరమున సముద్రజలపు వేడిని తోడి వేలకొలది ఇండ్లకు పంపు మహాయంత్రములు వెలసెను. పొరుగున నున్న నార్వేలో విద్యుత్తు దాదాపు అంతయు జలపాతములనుండియే పుట్టును. అచట నేడు సగమునకు పైగా గృహములలో హీటు పంపులు కలవు. భవనములను నూనెతో వెచ్చజేయుట 2020 మొదలు నిషిద్ధము. చలిదేశమున హీటు పంపు పనిచేయదను మాటకు నార్వేయే సమాధానము.

అయినంతమాత్రమున కొలిమి పని యైపోయినదని నేను చెప్పుట లేదు. అమెరికా సంగతి చూడుడు. దక్షిణ రాష్ట్రములలో చలి స్వల్పము, ఎండ తీవ్రము. వేసవిలో చల్లబఱచు యంత్రము ఎట్లును కావలెను. దానినే శీతకాలమున వెనుకకు నడిపినచో వేఱొక కొలిమితో పని లేదు. అందువలన హీటు పంపు అచట మొదట స్థిరపడెను. ఉత్తర రాష్ట్రములలో సున్నకు దిగువ ఇరువది ముప్పది డిగ్రీల చలి వచ్చు రాత్రులు కలవు. పూర్వపు గాలిపంపులు అట్టి రాత్రులలో చేతులెత్తివేసెడివి. అపుడు తిన్నగా విద్యుత్తుతో కాలు తీగలు వెలిగి, నెల తిరుగునప్పటికి గృహస్థుని గుండె గుభిల్లుమను బిల్లు వచ్చెడిది. అచట గ్యాసు చౌక. కావున కొలిమియే నమ్మకమైన నేస్తముగా నిలిచెను. నేటి పంపులు మునుపటికంటె ఎంతో మేలైనవి. 2022లో అమెరికా దేశమున గ్యాసు కొలిములకంటె హీటు పంపులే హెచ్చుగా అమ్ముడుపోయినవి. అయినను అతిశీతల ప్రాంతములలో రెండింటిని జతగా నుంచుకొని, సాధారణపు చలికి పంపును, దారుణమైన చలికి కొలిమిని వాడు గృహస్థులు కలరు.

ఇంతకు ఏది లాభము? ఇందుకు సులభమైన లెక్క యొకటి కలదు. విద్యుత్తు బొగ్గుతో పుట్టినదనుకొందము. నూఱు పాళ్ల వేడిగల బొగ్గును విద్యుత్కేంద్రమున కాల్చినచో సుమారు ముప్పదియైదు పాళ్ల విద్యుత్తు వచ్చును, మిగిలినది వ్యర్థము. ఆ ముప్పదియైదును హీటు పంపు మూడింతలు చేసినచో నూటయైదు పాళ్ల వేడి ఇంటికి చేరును. రెండింతలే చేసినచో డెబ్బది చేరును. మంచి కొలిమియో, తన వంటచెఱకులో తొంబది పాళ్లు ఇచ్చును. అనగా బొగ్గు విద్యుత్తుతో, చాల చలిగల చోట, పంపువలన లాభము సందేహాస్పదము. విద్యుత్తు నీటివలనను, గాలివలనను, సూర్యునివలనను పుట్టినచో లాభము నిస్సందేహము. ధరల విషయమునను ఇట్టిదే లెక్క. ఒక కొలత విద్యుత్తు వెల అంతే కొలత గ్యాసు వెలకు ఎన్ని రెట్లో చూడవలెను. పంపు అన్ని రెట్లకు మించి వేడిని తోడగలిగిన ఖర్చు తగ్గును, లేనిచో పెరుగును. వస్తువులను కాల్చుటవలన పుట్టు బొగ్గుపులుసు వాయువు భూగోళమును వేడెక్కించుచున్నదని నేడు శాస్త్రజ్ఞులు నిర్ధారించియుండుటచే, ఖజానాలెక్కతో పాటు ఈ లెక్కయు చూడక తప్పదు.

పంపునకు కూడ దోషములు లేకపోలేదు. కొనుటకు వెల హెచ్చు. లోపలి ద్రవములలో కొన్ని బయటికి కాఱినచో హాని చేయును. పూర్వము విరివిగా వాడిన వాయువులు ఆకాశమున మనలను కాపాడు ఓజోను పొరను క్షీణింపజేయుచున్నవని తెలిసి, 1987లో మాంట్రియలు నగరమున రాజ్యములు ఒడంబడిక చేసికొని వానిని క్రమముగా మాన్పించినవి. ఇక యంత్రము ఏదైనను, సందులున్న గోడలకును బిగువులేని కిటికీలకును అది మందు కాదు. చిల్లుకుండను నింపుటకు మోటారు పెద్దది కొనుటకంటె చిల్లు పూడ్చుట మేలు. అచటి అనుభవజ్ఞులు ముందుగా ఇంటి కప్పును గోడలను వేడి పోకుండ కట్టుదిట్టము చేయుమని, తరువాతనే యంత్రమును ఎంచుకొనుమని చెప్పుదురు.

చరిత్ర ఇటీవల మరల తన పాఠమును ఒప్పజెప్పినది. 2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయినుపై దండెత్తెను. రష్యా గ్యాసుపై ఆధారపడిన ఐరోపా దేశములలో గ్యాసు వెల ఆకాశమునంటెను. ఆ యేడు అచట హీటు పంపులకై జనులు క్యూలు కట్టిరి. అమర్చు పనివారు దొరకరైరి, నెలలకొలది వేచియుండవలసివచ్చెను. వెలలు కొంత దిగిన తరువాత ఆ యుత్సాహమును తగ్గెను. 1918లో, 1942లో, 1973లో జరిగినదే 2022లో జరిగెను. విద్య 1852నుండి పుస్తకములలో నున్నది. జనులు మాత్రము పొయ్యి చల్లారిన నాడే ఆ పుస్తకమును తెఱచిరి.

కావున విదేశమున నున్న మీ కుమారుడో, కుమార్తెయో ఈ రెండింటిలో దేనిని కొందుమని అడిగినచో, పేరు చెప్పక నాలుగు ప్రశ్నలు వేయుడని నా మనవి. మీ యూర చలి యెంత లోతైనది? మీ విద్యుత్తు దేనినుండి పుట్టుచున్నది, దాని వెల గ్యాసు వెలకు ఎన్ని రెట్లు? మీ యింటి గోడలు వేడిని నిలుపునా? చెడిపోయిన నాడు బాగుచేయువాడు దగ్గఱనున్నాడా? ఈ నాలుగింటికి సమాధానము దొరకినచో, కొలిమియో పంపో తనంతట తేలును. మఱియొక మాట కూడ చెప్పుడు. ఈ విచారమును పాత యంత్రము పనిచేయుచున్నపుడే, ఎండకాలముననే చేయుమనుడు. మంచు కురియు రాత్రి యంత్రము నిలిచిపోయినవాడు దొరకినదానిని అడిగిన వెలకు కొనును. ముందుగా ఆలోచించినవాడు తనకు తగినదానిని కొనును. జ్యూరిచ్ పురజనులు యుద్ధమునకు ఒక్క యేడు ముందు తమ యంత్రమును నిలుపుకొనిరి; తరువాతి బొగ్గుకఱవులలో ఆ మందిరము నదిని నమ్ముకొని వెచ్చగా నుండెను.